వూస్టర్ వీధి బొగ్గు పొయ్యి పిజ్జా: పదకొండేళ్లుగా తింటున్నవాడి మాట

అమెరికాలోని కనెటికట్ రాష్ట్రానికి వచ్చి పదకొండేళ్లు కావస్తోంది. న్యూ హేవెన్ నగరంలోని వూస్టర్ వీధికి, అక్కడి ఫ్రాంక్ పెపె పిజ్జెరియాకు, ఏడాదికి ఐదారు సార్లయినా వెళ్తూనే ఉన్నాను. ఒంటరిగా వెళ్లాను, మిత్రులతో వెళ్లాను, చంటిపిల్లను ఎత్తుకుని వెళ్లాను, శాకాహారులైన పెద్దలను వెంటబెట్టుకుని కూడా వెళ్లాను. అందువల్ల అక్కడ ఏది అడగాలో, ఎవరికి ఏది నచ్చుతుందో, ఎప్పుడు వెళ్లాలో ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

ఇటలీలో అమాల్ఫి తీరాన ఉన్న మాయోరి అనే ఊరి నుంచి వలస వచ్చిన ఫ్రాంక్ పెపె 1925లో ఈ దుకాణం పెట్టారు. ఆయన మేనల్లుడు సాల్వటోర్ కన్సీలియో 1938లో అదే వీధిలో శాలీస్ అనే పిజ్జా దుకాణం ప్రారంభించారు. రెండూ నేటికీ బొగ్గుతోనే కాలుస్తాయి. ఊళ్లో పాతవారు దీన్ని పిజ్జా అనరు, దక్షిణ ఇటలీ యాసలో ‘అపీట్స్’ అంటారు. మొజరెల్లా చీజ్‌ను ‘మూట్స్’ అంటారు. కొత్తవారికి ఈ మాట తెలియడం అవసరం, ఎందుకంటే ఇక్కడి సంప్రదాయంలో సాదా పిజ్జా అంటే టమాటా గుజ్జు, పైన తురిమిన గట్టి చీజ్ మాత్రమే. కరిగి సాగే మొజరెల్లా కావాలంటే దాన్ని విడిగా చెప్పి వేయించుకోవాలి.

అసలు విశేషమంతా పొయ్యిలో ఉంది. ఇటుకలతో కట్టిన ఆ పెద్ద బట్టీలో ఒక పక్క బొగ్గు మండుతూ ఉంటుంది. రెండాళ్ల పొడవున్న కర్రకు బిగించిన పలుచని చెక్క పలకతో పిజ్జాను లోపలికి తోసి, పెనం గానీ పళ్లెం గానీ అడ్డు లేకుండా నేరుగా ఇటుక నేల మీద దించుతారు. లోపల ఒక మూల వేడి ఎక్కువ, ఒక మూల తక్కువ. కాల్చే మనిషి ఆ తేడాను చేతి అలవాటుతో గుర్తుపెట్టుకుని, ఒక్కొక్క పిజ్జాను తిప్పుతూ, చోటు మారుస్తూ ఉంటాడు. వరుసలో నిలబడి లోపలికి చేరాక నేను ఎక్కువసేపు చూసేది ఈ పనినే. బొగ్గు పిజ్జా అనగానే పొగ వాసన ఉంటుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఇటువంటి పొయ్యిలకు పేరుపడిన బొగ్గు ఆంత్రసైట్. ఈ దేశంలో అది ప్రధానంగా ఈశాన్య పెన్సిల్వేనియా గనుల నుంచి వస్తుంది, మన సింగరేణి బొగ్గుతో పోలిస్తే చాలా తక్కువ పొగతో మండుతుంది. కట్టెల్లో ఉండేంత తేమ కూడా అందులో ఉండదు కనుక పొయ్యి లోపలి గాలి పొడిగా ఉంటుంది. ఆ పొడి వేడికే అంచు పెళుసెక్కి, లోపలి పిండి మాత్రం మెత్తగా, సాగుతూ మిగులుతుంది. నేపుల్స్ పద్ధతిలో కట్టెల పొయ్యిలో పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలిపోతుంది. ఇక్కడ అంతకంటే తక్కువ వేడిలో, అంతకంటే ఎక్కువసేపు ఉంచుతారు. కరకరలాడే గుణం ఆ నిదానం వల్లే వస్తుంది.

అంచున ఉండే నల్ల మచ్చలను చూసి మాడిపోయిందని వెనక్కి పంపేవారిని చూశాను. దయచేసి అలా చేయకండి. జొన్నరొట్టె మీద మచ్చలు పడితేనే రుచి అనే మనకు ఈ సంగతి త్వరగా అర్థం కావాలి. కొద్దిపాటి చేదు టమాటా తీపిని పైకి తెస్తుంది. నిజంగా మాడినదేమిటో కూడా నాకు తెలుసు: వేరే నగరంలోని ఒక బొగ్గు పొయ్యి హోటల్లో అడుగు బొగ్గులా నల్లబడి, నడిమధ్య పిండి పచ్చిగా ఉన్న పిజ్జా పెట్టారు. బొగ్గు ఉన్నంత మాత్రాన సరిపోదు, పొయ్యి తెలిసిన చేయి కావాలి.

ఏం తినాలంటే, మొదటిసారి వెళ్లినవారు టమాటా పిజ్జాతోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. పైన నాలుగైదు రకాలు కుప్ప పోయించుకుంటే వాటి నీటికి అడుగు మెత్తబడుతుంది, పొయ్యి చేసిన పని కనిపించదు. చేపలు, రొయ్యలు తినేవారు తప్పక రుచి చూడవలసింది తెల్ల క్లామ్ పిజ్జా. దానిలో టమాటా ఉండదు. సముద్రపు గుల్లల మాంసం, వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఒరెగానో, తురిమిన చీజ్ ఉంటాయి, అంతే. వేసవిలో తాజా టమాటాలతో చేసేది దొరికితే వదలవద్దు. మిరప గింజల పొడి చల్లుకోవడం మనవాళ్లకు అలవాటే కానీ, మొదటి ముక్క దేనితోనూ కలపకుండా తినండి. తోడుగా పక్క ఊరు ఈస్ట్ హేవెన్‌లో 1922 నుంచి తయారవుతున్న ఫాక్సన్ పార్క్ సోడా తాగాలి. వైట్ బర్చ్ రకం మొదటి గుక్కలో నొప్పుల బాం వాసన గుర్తుకొస్తుంది, మూడో గుక్కకు ఇష్టం పుడుతుంది.

శాకాహారులకు ఒక ముఖ్యమైన మాట. మా అత్తగారు రాజమహేంద్రవరం నుంచి వచ్చినప్పుడు ఆమె అడిగిన ప్రశ్న వల్లే నేనూ ఆరా తీశాను. ఈ పిజ్జాల మీద తురిమే పెకొరీనో రొమానో చీజ్ తయారీలో పాలు గడ్డకట్టడానికి గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారు. మాంసం లేని పిజ్జా అనుకున్నంత మాత్రాన అది మన పెద్దలు ఒప్పుకునే శాకాహారం కాదు. చీజ్ ఏదీ వద్దని ముందే చెబితే టమాటా, వెల్లుల్లి, నూనెతో చేసి ఇస్తారు. ఆమెకు అదే నచ్చింది. అయితే మాంసం, గుల్లలు వేసిన పిజ్జాలు కూడా అదే ఇటుక నేల మీద కాలుతాయి, ఆ పట్టింపు గట్టిగా ఉన్నవారు ముందే ఆలోచించుకోవాలి.

వరుస గురించి చెప్పక తప్పదు. శని, ఆదివారాల సాయంత్రం గంటకు పైగా నిలబడవలసి రావచ్చు, చలికాలంలో చిన్నపిల్లలతో అది కష్టం. వారం మధ్యలో, మధ్యాహ్నం రెండున్నర, మూడు గంటల వేళ వెళ్తే నాకు ఎప్పుడూ త్వరగానే చోటు దొరికింది. వరుస తప్పించుకోవడానికి పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చుకోవడం మాత్రం నేను మానేశాను. అట్టపెట్టెలో ఆవిరి పట్టి నలభై నిమిషాల ప్రయాణంలో అంచు తోలులా సాగిపోతుంది, మళ్లీ వేడిచేసినా మొదటి పెళుసుతనం పూర్తిగా తిరిగి రాదు. అక్కడే కూర్చుని, కాగితం పరిచిన పెద్ద రేకు పళ్లెంలో వంకరటింకరగా కోసి తెచ్చిన ముక్కలను మొదటి పది నిమిషాల్లో తినండి. నలుగురు వెళ్తే ఒకేసారి రెండు పెద్దవి చెప్పకుండా, మొదటిది సగమయ్యాక రెండోది చెప్పండి.