కారణం తెలియని లోపం, వెనక్కి తిరిగిన విమానం: శంషాబాద్–ఢిల్లీ ప్రయాణ సమీక్ష

మహబూబ్‌నగర్‌లో తెల్లవారుజామున బయలుదేరి, జడ్చర్ల మీదుగా శంషాబాద్ చేరుకుని, అమ్మతో కలిసి ఢిల్లీ విమానం ఎక్కాను. నేల విడిచాక, చక్రాలు ముడుచుకోగానే ఆగవలసిన హోరు ఆగలేదు. కాళ్ల కింద ఎడతెగని అదురు మొదలైంది. "ఏంది బిడ్డా గీ సప్పుడు?" అంటూ అమ్మ నా చేయి పట్టుకుంది.

జవాబు పైలట్‌కూ తెలియదు. ఆ సంగతిని ఆయన దాచలేదు. ఒక చక్రం పూర్తిగా లోపలికి వెళ్లినట్టు సూచిక చూపడం లేదని, చక్రమే నిలిచిపోయిందా లేక సూచికే చెడిందా అన్నది గాలిలో తేల్చలేమని, అందువల్ల శంషాబాద్‌కే తిరిగి వెళ్తున్నామని హిందీలోనూ ఇంగ్లిషులోనూ చెప్పారు. ఒక ఎయిర్‌హోస్టెస్ అమ్మ పక్కన వంగి, అదే మాటను నిదానంగా తెలుగులో వివరించింది.

ఊహించి చెప్పకపోవడాన్నే నేను ఆయన గొప్పతనంగా భావిస్తున్నాను. 1972 డిసెంబర్ 29 రాత్రి మయామీ దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానంలో ముందు చక్రం దిగినట్టు తెలిపే దీపం వెలగకపోతే, కాక్‌పిట్‌లోని వారందరూ ఆ బల్బు మీదే దృష్టి పెట్టి, విమానం మెల్లగా కిందికి దిగిపోతున్న సంగతి గమనించలేదు. చిత్తడి నేలలో కూలి 101 మంది మరణించారు. నిజానికి చక్రం సరిగానే దిగి ఉంది. ఒకరు విమానాన్ని నడపడం మీదే ఉండాలి, మరొకరు చెక్‌లిస్ట్ చూసుకోవాలి అన్న శిక్షణ బలపడటానికి ఇటువంటి ప్రమాదాలే కారణం.

మేమెక్కిన రకం విమానానికి గాలిలో ఇంధనం వదిలే ఏర్పాటు ఉండదు కనుక, బరువు తగ్గేదాకా చుట్లు తిరగవలసి ఉంటుందని కూడా పైలట్ ముందే చెప్పడం వల్ల, ఆ 40 నిమిషాలూ ఎవరూ కేకలు వేయలేదు. రన్‌వే పక్కన అగ్నిమాపక వాహనాలు నిలిచి ఉండగా మామూలుగానే దిగాం.

దిగిన తరువాతి సేవ మాత్రం బాధ కలిగించింది. మూడు గంటలు గేటు దగ్గర కూర్చోబెట్టి, మరో విమానం ఎప్పుడో ఒక్కరూ చెప్పలేదు. అమ్మకు షుగర్ ఉందని రెండుసార్లు చెప్పినా నీళ్ల సీసా తప్ప ఏమీ ఇవ్వలేదు. ఆలస్యం నిర్ణీత గంటలు దాటితే ఆహారం ఇవ్వాలన్న, పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనను గుర్తు చేశాకే ఉప్మా డబ్బాలు వచ్చాయి. "తెలియదు" అన్న మాటనే పైలట్ కారణంతో సహా చెప్పారు. కౌంటర్‌లోని వారు తల ఎత్తకుండా చెప్పారు.

విమాన సిబ్బందికి ఐదుకు ఐదు, నేల మీది సేవకు ఒకటి ఇస్తున్నాను. ఆ ఎయిర్‌హోస్టెస్‌ను మెచ్చుకుంటూ సంస్థకు విడిగా ఉత్తరం రాశాను.