ఆర్‌టీఓఎస్ బిల్డ్ సెట్టింగులు: ఒక్క హెడర్ ఫైలు చాలా, కేకాన్ఫిగ్ కావాలా?

మైక్రోకంట్రోలర్ ప్రాజెక్టుకు రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను (ఆర్‌టీఓఎస్‌ను, అంటే పనులు గడువులోగా జరిగేలా చూసే సాఫ్ట్‌వేర్‌ను) ఎంచుకునేటప్పుడు ఏ పని ఎప్పుడు నడవాలో నిర్ణయించే షెడ్యూలర్ వేగం చూస్తాం, ర్యామ్ ఎంత తింటుందో చూస్తాం, లైసెన్సు చూస్తాం. బిల్డ్ కాన్ఫిగరేషన్ (కోడును కంపైల్ చేసేటప్పుడు ఇచ్చే సెట్టింగులు) ఎలా ఉంటుందో మాత్రం అడిగేవాళ్లు తక్కువ. తీరా రెండో బోర్డు వచ్చాక, కస్టమర్‌కు ఇచ్చే బిల్డ్ వేరు, టెస్టింగ్ బిల్డ్ వేరు అయ్యాక, టీమ్ తల పట్టుకునేది అక్కడే. ఇక్కడ ప్రధానంగా రెండు దారులున్నాయి. ఫ్రీఆర్‌టీఓఎస్‌లో అన్నీ ఒకే హెడర్ ఫైలులో ఉంటాయి. జెఫిర్ అనే మరో ఆర్‌టీఓఎస్‌లో ఆప్షన్లను ఎంచుకునే కేకాన్ఫిగ్, బోర్డు మీది హార్డ్‌వేర్‌ను వర్ణించే డివైస్‌ట్రీ కలిసి ఆ పని చేస్తాయి. వీటిని తూచడానికి నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను: సెట్టింగు తప్పు పడితే దాన్ని ఎవరు పట్టుకుంటారు, ఎప్పుడు పట్టుకుంటారు?

2003లో రిచర్డ్ బ్యారీ విడుదల చేసిన ఫ్రీఆర్‌టీఓఎస్ అందాన్ని ముందు ఒప్పుకోవాలి. కెర్నెల్ గుండెకాయ మూడు సీ ఫైళ్లు: టాస్కులు, క్యూలు, లిస్టులు. వాటికి చిప్పుకు తగిన పోర్టు (ఆ చిప్పుకూ కంపైలర్‌కూ రాసిన భాగం), హీప్‌కు (నడుస్తుండగా పంచిపెట్టే మెమరీకి) ఉన్న అయిదు పద్ధతుల్లో మనకు కావలసినది ఒకటి జోడిస్తే చాలు. మిగిలినదంతా కాన్ఫిగ్ హెడర్‌లోని మాక్రోలే, అంటే విలువలకు పెట్టిన పేర్లే. టిక్ రేటు (కెర్నెల్ గడియారం వేగం) ఎంత, ప్రాధాన్య స్థాయిలు ఎన్ని, హీప్ ఎంత, మ్యూటెక్స్‌లు (ఒకేసారి ఒక టాస్కే వాడేలా వేసే తాళాలు) కావాలా వద్దా అన్నీ అక్కడే కనిపిస్తాయి. కొత్తగా చేరిన ఇంజనీరు టీ తాగేలోపు చదివేయగలడు. పోర్టు ఉన్న ఏ కంపైలర్ అయినా, ఏ ఐడీఈ (కోడు రాసే సాధనం) అయినా సరిపోతుంది.

చిక్కు ఏమిటంటే, ఆ హెడర్‌లో ఉన్నవి ఒట్టి అంకెలు. వాటి అర్థం కంపైలర్‌కు తెలియదు. కార్టెక్స్-ఎం చిప్పుల్లో ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని ఆపి హార్డ్‌వేర్ చేసే పిలుపు) ప్రాధాన్యమే తీసుకోండి. కెర్నెల్ ఫంక్షన్లను పిలిచే ఇంటరప్టులకు ఒక హద్దు పెట్టాలి. ఎస్‌టీఎం32 ఎఫ్4 చిప్పుల్లో ప్రాధాన్యానికి నాలుగు బిట్లే ఉంటాయి, అవీ బైటులో పై సగంలో. కాబట్టి 5 అనే హద్దు కావాలంటే దాన్ని నాలుగు బిట్లు ఎడమకు జరిపి 80 అని ఇవ్వాలి. మరిచిపోయి 5 అనే ఇస్తే హార్డ్‌వేర్ కింది బిట్లను వదిలేస్తుంది, రిజిస్టర్‌లో మిగిలేది సున్నా. సున్నా అంటే ఏ ఇంటరప్టునూ ఆపవద్దని. క్రిటికల్ సెక్షన్ (మధ్యలో ఏదీ అడ్డు రాకూడని కోడు భాగం) పేరుకే ఉంటుంది. కోడ్ కంపైల్ అవుతుంది, బోర్డు నడుస్తుంది, ఎప్పుడో ఒకసారి కెర్నెల్ లిస్టు చెడి సిస్టమ్ ఆగిపోతుంది. అసర్ట్ మాక్రోను (షరతు తప్పితే అక్కడే ఆపేదాన్ని) నిర్వచించుకుంటే ఇటీవలి పోర్టులు దీన్ని షెడ్యూలర్ మొదలయ్యేటప్పుడే పట్టుకుంటాయి. దాన్ని నిర్వచించాల్సింది మళ్లీ మనమే.

ఇంకో గోతి ఇంతకన్నా లోతు. టాస్కుకు మెమరీని స్టాటిక్‌గా (ముందే కేటాయించి) ఇచ్చేటప్పుడు, టాస్కు వివరాలు దాచే స్ట్రక్చర్ సైజు కాన్ఫిగ్ మాక్రోలను బట్టి మారుతుంది. కెర్నెల్‌ను ఒక హెడర్‌తో లైబ్రరీగా కట్టి, అప్లికేషన్‌ను ట్రేస్ సౌకర్యం తీసేసిన మరో హెడర్‌తో కంపైల్ చేస్తే రెండు చోట్లా సైజులు వేరవుతాయి. కంపైలైన ముక్కలను కలిపే లింకర్ నోరెత్తదు. కెర్నెల్ పక్కనున్న మెమరీలోకి రాసేస్తుంది. అందుకే ఫ్రీఆర్‌టీఓఎస్‌లో డీబగ్, రిలీజ్ బిల్డులు రెండూ ఉన్నవాళ్లు ప్రతి బిల్డుకూ కెర్నెల్‌ను మళ్లీ కంపైల్ చేయడమే క్షేమం.

జెఫిర్ 2016లో లైనక్స్ ఫౌండేషన్ నీడలో మొదలైంది. కేకాన్ఫిగ్ దానికి లైనక్స్ కెర్నెల్ నుంచి వచ్చిన ఆస్తి. ఇక్కడ ప్రతి ఆప్షన్‌కూ ఒక రకం, వివరణ, అది దేని మీద ఆధారపడుతుందన్న లెక్క ఉంటాయి. ప్రాజెక్టు కాన్ఫిగ్ ఫైలులో ఒక ఆప్షన్‌కు ‘వై’ అని ఇచ్చి, దానికి కావలసిన ఆధారాన్ని మరిచిపోతే, మీరు ‘వై’ ఇచ్చారు కానీ వచ్చింది ‘ఎన్’ అని చెప్పి బిల్డు అక్కడే ఆగుతుంది. బోర్డు దాకా పోనివ్వదు. బోర్డుకొక చిన్న కాన్ఫిగ్ ఫైలు, డీబగ్‌కు మరో అదనపు ఫైలు పెట్టుకుంటే అవి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటాయి. కోడులో ఇఫ్‌డెఫ్ షరతుల అడవి తప్పుతుంది. ఇదే నాకు దీనిమీద గౌరవం కలిగించిన గుణం. అయితే స్టాకు (టాస్కు వాడే తాత్కాలిక మెమరీ) చాలుతుందా లేదా అన్నది కేకాన్ఫిగ్‌కూ తెలియదు. దాన్ని రన్‌టైమ్‌లో కొలవాల్సిందే.

భారం లేదని కాదు. సెన్సర్ల సౌకర్యాన్ని కేకాన్ఫిగ్‌లో తెరిచి, డివైస్‌ట్రీలో ఆ సెన్సర్ నోడ్ (దాని పద్దు) స్థితిని ‘ఓకే’గా మార్చకపోతే, ఎక్కడా వినని పొడుగాటి పేరు చివర ఒక నంబరుతో, ఆ చిహ్నం దొరకలేదని బిల్డు ఫిర్యాదు చేస్తుంది. మొదటిసారి చూసేవారికి అది డివైస్‌ట్రీ లోపమని తట్టదు. అలాంటప్పుడు బిల్డ్ ఫోల్డర్‌లో తయారైన తుది డివైస్‌ట్రీ ఫైలును తెరిచి ఆ నోడ్ కోసం వెతకండి, సగం పని అయిపోతుంది. మెనూకాన్ఫిగ్‌లో (కేకాన్ఫిగ్ ఆప్షన్లను మార్చే మెనూలో) చేసిన మార్పులు కూడా బిల్డ్ ఫోల్డర్‌లోనే ఉంటాయి. శుభ్రంగా మళ్లీ బిల్డ్ చేస్తే పోతాయి. ఉంచుకోవాలనుకున్న వరుసను ప్రాజెక్టు ఫైలులోకి చేత్తో రాసుకోవాలి.

నా తూకం ఇది. ఒకే చిప్పు, ఒకే ఉత్పత్తి, నలుగురు దాటని టీమ్ అయితే ఫ్రీఆర్‌టీఓఎస్ హెడరే మేలు. అసర్ట్‌ను, స్టాక్ ఓవర్‌ఫ్లో తనిఖీని మొదటి రోజే తెరిచిపెట్టాలన్నది దానికి నా షరతు. రెండో బోర్డు వచ్చే అవకాశం ఉన్నా, బ్లూటూత్, నెట్‌వర్కింగ్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్ భాగాలు కావలసి వచ్చినా జెఫిర్ నేర్చుకునే శ్రమకు వెనకాడవద్దు. ఈఎస్‌పీ32 చిప్పు వాడేవాళ్లకు నడిమి దారి సిద్ధంగా ఉంది: దాని అధికారిక అభివృద్ధి కిట్ ఈఎస్‌పీ-ఐడీఎఫ్‌లో లోపల ఫ్రీఆర్‌టీఓఎస్, పైన కేకాన్ఫిగ్. కానీ ఒక తేడా గుర్తుంచుకోండి. మామూలు ఫ్రీఆర్‌టీఓఎస్‌లో టాస్కు స్టాకును వర్డుల్లో (32 బిట్ల చిప్పులో ఒక్కోటి నాలుగు బైట్లు) ఇస్తారు, ఈఎస్‌పీ-ఐడీఎఫ్‌లో బైట్లలో. 32 బిట్ల చిప్పు మీద 512 వర్డులతో నడిచిన టాస్కును అదే అంకెతో ఇక్కడికి తెస్తే నాలుగో వంతు స్టాకే దక్కుతుంది.

ఏ దారి పట్టినా గడువుల పరీక్షను రిలీజ్ కాన్ఫిగరేషన్ మీదే చేయండి. డీబగ్ బిల్డులో ఆప్టిమైజేషన్ తక్కువ, లాగింగ్ ఎక్కువ, కాబట్టి అక్కడ కొలిచిన మైక్రోసెకన్లు మార్కెట్లోకి వెళ్లే బోర్డువి కావు. జెఫిర్‌లో అయితే విడుదల చేసే ప్రతి బైనరీ పక్కన, బిల్డ్ ఫోల్డర్‌లో తయారైన తుది కాన్ఫిగ్ ఫైలును కూడా దాచిపెట్టండి. కొత్త వెర్షన్‌లో ఇంటరప్ట్ ఆలస్యమవుతోందని ఫిర్యాదు వస్తే, పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి తేడా చూడటంతోనే వెతుకులాట మొదలుపెట్టవచ్చు.