నక్షత్రాల కింద ఖాళీ గడి: ఒక కథకుడి వాడకంలో గుడ్‌రీడ్స్

పోయిన నెల ఒక నవల ముగించిన వెంటనే, పాఠకులు పుస్తకాలకు నక్షత్రాలు ఇచ్చి సమీక్షలు రాసే వెబ్‌సైటు గుడ్‌రీడ్స్ తెరిచి ఐదు నక్షత్రాలు ఇచ్చాను. వాటి కింద సమీక్ష రాసే గడిలో ‘అద్భుతం’ అని రాసి ఆగిపోయాను. ఏది అద్భుతం?

ఆ నవలలో ఒక తల్లికి కొడుకు నుంచి ఉత్తరం వస్తుంది. చదివి, నాలుగు మడతలు పెట్టి, గుండీలు దాచుకునే డబ్బా అడుగున ఉంచి మూత పెడుతుంది. అక్కడ నాకు కళ్లు చెమర్చాయి. రాసిన ఒక్క మాటా చెరిపేసి ఆ పేజీ మళ్లీ తీశాను. మూడోసారి చదివాక గాని కిటుకు అందలేదు. ఆ పేజీ మొత్తంలో దుఃఖం అన్న మాట లేదు, కన్నీరు అన్న మాట లేదు. ఉత్తరంలో ఏముందో కూడా రచయిత్రి చెప్పలేదు. మూత సరిగా పట్టకపోతే ఆమె రెండోసారి నొక్కిందని మాత్రం చెప్పింది. ఈ సంగతినే తొమ్మిది వాక్యాల్లో సమీక్షగా పెట్టాను. ఆ రాత్రే, ఎంతకూ కుదరక పక్కన పడేసిన నా కథ ఒకటి బయటికి తీసి, తండ్రి ఏడ్చే పేరా మొత్తం కొట్టేశాను. కథ నిలబడింది.

రాసేవాళ్లు తమకు నచ్చిన పుస్తకాల గురించి రాయాలని నేను పట్టుబట్టేది ఇందుకే. చదివేటప్పుడు కలిగిన ఆనందం ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని మరొకరికి చెప్పబోయినప్పుడే తెలుస్తుంది. 1842లో అమెరికన్ కథకుడు ఎడ్గార్ అలన్ పో, ఆ దేశపు రచయితే అయిన నతానియెల్ హాథార్న్ కథల సంపుటిని మెచ్చుకుంటూ ఒక పత్రికలో సమీక్ష రాశాడు. కథ ఒకసారి కూర్చుంటే లేవకుండా చదివేయగలిగేలా ఉండాలనీ, ప్రతి మాటా ముందుగా అనుకున్న ఒకే ప్రభావం వైపు నడవాలనీ అతను తేల్చి చెప్పింది అందులోనే. కథానిక గురించి ఇప్పటికీ చెప్పుకునే ఆ సూత్రం తోటి రచయిత పుస్తకాన్ని సమీక్షిస్తూ రాసిన మాటల్లో ఉండటం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

ఇక ఈ సేవ సంగతి. గుడ్‌రీడ్స్ 2007లో పాఠకుల ముందుకు వచ్చింది, 2013లో అమెజాన్ దాన్ని కొనుక్కుంది. ఖాతాకు డబ్బు కట్టనక్కరలేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది నక్షత్రాలకు అది ఇచ్చిన అర్థం. ఒకటి అంటే నచ్చలేదు, రెండు అంటే పరవాలేదు, మూడు అంటే నచ్చింది. అంటే మూడు నక్షత్రాలు కూడా మెప్పే! పుస్తకం గొప్పదా కాదా అని తీర్పు చెప్పమనడం లేదు, నీకెలా ఉందని అడుగుతోంది. ఆ ప్రశ్నకు రచయిత కూడా జంకు లేకుండా జవాబు చెప్పవచ్చు. ఇందులో అర నక్షత్రం లేదు. అంత సూక్ష్మంగా కొలవాలనుకునేవారికి ఇలాంటిదే మరో సేవ అయిన స్టోరీగ్రాఫ్‌లో పావు నక్షత్రం దాకా వీలుంది.

తోటివారి పుస్తకానికి మార్కులు వేయడం ఇబ్బందిగా అనిపిస్తే, నక్షత్రాలు వదిలేసి సమీక్ష ఒక్కటే రాయవచ్చు. ఈ వెసులుబాటు చాలామంది గమనించరు. నేను రెండేళ్లుగా తెలిసినవారి పుస్తకాలకు ఇలాగే రాస్తున్నాను. పరిచయం ఉందన్న మాట మొదటి వాక్యంలోనే చెబుతాను. ‘మీరు నాది రాయండి, నేను మీది రాస్తాను’ అన్న ఒప్పందానికి మాత్రం ఒప్పుకోను. అలా పుట్టిన మెప్పులో ఒక్క పేజీ ప్రస్తావన కూడా ఉండదు, చదివేవారు ఇట్టే పసిగడతారు. నచ్చిన పుస్తకంలో ఒక అధ్యాయం సాగదీసినట్టు ఉంటే ఆ మాటా రాస్తాను. మెచ్చుకోలు మీద నమ్మకం కుదిరేది అప్పుడే. కథ మలుపు తెలిసిపోతుందనుకుంటే ఆ భాగాన్ని మూసి ఉంచే సదుపాయం ఉంది, దాన్ని తప్పక వాడండి. ఏడాదికి ఇన్ని పుస్తకాలు చదువుతానని లక్ష్యం పెట్టుకునే ఏర్పాటును నేను వాడను. లెక్క మీద ధ్యాస పడితే ఒకే పేజీని మూడుసార్లు చదవడానికి మనసొప్పదు.

పుస్తకం వేసినవారు రచయితగా నమోదు చేసుకుంటే మరో మేలు ఉంది. మన పుస్తకం కోసం వచ్చిన పాఠకులకు మనం ఏం చదువుతున్నామో కూడా కనిపిస్తుంది, మనల్ని వెతుక్కుంటూ వచ్చినవారు మరొకరి పుస్తకం దాకా వెళతారు. నా మొదటి సంపుటికి వచ్చిన తొలి సమీక్ష నాలుగే వాక్యాలు. రాసింది నాకు ముఖ పరిచయం కూడా లేని ఒక కథకురాలు. 71వ పేజీలో పిల్లవాడు చెప్పులు తడవకుండా చేత్తో పట్టుకుని నడిచే చోట ఆగిపోయానని రాసింది. ఆ చెప్పుల వాక్యం కోసం నేను వారం రోజులు కూర్చున్నాను. అది ఒకరి కంట పడిందన్న సంతోషంతోనే రెండో పుస్తకం మొదలుపెట్టాను.

నిన్న చదవడం ముగించిన ఒక కొత్త కథకుడి సంపుటి ఇప్పుడు నా బల్ల మీద ఉంది. గుడ్‌రీడ్స్‌లో దాని సమీక్షల సంఖ్య ఇంకా సున్నా. మూడో కథలో బావి గిలక చప్పుడు ఆగిపోయే చోటు మళ్లీ చదువుతున్నాను, అక్కడి నుంచే మొదలుపెడతాను.