తిరిగి కట్టించిన వెనక చక్రం, దాని టక్ టక్ చప్పుడు: రెండేళ్ల వాడకం తర్వాత

నా టూరింగ్ సైకిల్ వెనక రిమ్ బ్రేకు రాపిడికి అరిగిపోయింది. వానాకాలం ఇసుక బ్రేకు రబ్బర్లలో ఇరుక్కుని రిమ్ అంచును గుంటలా తినేసింది. హబ్ (చక్రం నడిమి ఇరుసు భాగం) మాత్రం శుభ్రంగా ఉంది. షిమానో డియోర్, 36 రంధ్రాలు, లోపల విడి బాల్స్. అందుకని హబ్ అదే ఉంచి కొత్త రిమ్, కొత్త స్పోకులు వేయించి చక్రం మళ్లీ కట్టించాను. రెండేళ్లు దాటింది. గండిపేట వైపు రోజువారీ తొక్కడం, అనంతగిరి ఎక్కడం, 200 కిలోమీటర్ల బ్రెవేలు (నిర్ణీత సమయంలో పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లు), అన్నీ దీని మీదే. హబ్ బాగుంటే కట్టించుకోమనే ఎవరికైనా చెబుతాను. అయితే మొదట్లో ఈ చక్రం చేసిన చప్పుడు గురించి వివరంగా చెప్పాలి. చక్రం తిరిగి కట్టించుకున్న చాలామందిని వేధించేది అదే.

కట్టించాక మొదటిసారి ఎక్కినప్పుడు వచ్చే టింగ్ టింగ్‌లకు కంగారు పడక్కర్లేదు. నిప్పిల్ (స్పోకును రిమ్‌కు బిగించే చిన్న నట్టు) బిగించేటప్పుడు దాంతోపాటు స్పోకు కూడా కాస్త మెలిపడుతుంది. బరువు పడగానే ఆ మెలి విడిపోతూ చప్పుడు చేస్తుంది. నడుమ సన్నగా ఉండే స్పోకుల్లో ఇది ఎక్కువ. మొదటి రైడ్‌తో పోవాలి. పోకపోతే కారణం వేరే.

నాది పోలేదు. ముందు ఆ చప్పుడు చక్రానిదా, పెడల్‌దా అని తేల్చుకోవాలి. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో మన 700 సైజు చక్రం సెకనుకు సుమారు రెండున్నర సార్లు తిరుగుతుంది, పెడల్ దాదాపు సగమే. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద వేసిన సైకిల్ ట్రాక్ నున్నగా ఉంటుంది కాబట్టి అక్కడ లెక్క సులువుగా తెలిసింది. చప్పుడు చక్రంతోపాటే వస్తోంది. నిలబడి తొక్కితే పెరుగుతోంది. సైకిల్ ఎత్తిపట్టి చక్రం తిప్పితే మాత్రం పూర్తిగా నిశ్శబ్దం. ఈ చివరిది చాలా ముఖ్యమైన ఆధారం. బరువు పడితేనే పలికేది ఏదో ఉందన్నమాట.

చిన్న కారణాలేవీ కావని ముందు తేల్చుకోవాలి. వాల్వ్ దాని రంధ్రంలో వదులుగా ఉంటే టిక్కు టిక్కుమంటుంది, చిన్న టేపు ముక్కతో సరి. రిమ్ లోపల లోహపు ముక్క ఏదైనా మిగిలిపోతే చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పినప్పుడు దొర్లుతుంది, వేగం పెరిగితే రిమ్‌కు అతుక్కుని మాట్లాడదు. రిమ్‌ను పైన పట్టుకుని పక్కలకు ఊపితే హబ్‌లో బాల్స్‌ను పట్టి ఉంచే కోన్ వదులైతే చేతికి తెలుస్తుంది. వెనక గేర్ల చక్రాల గుత్తిని (కేసెట్) పట్టి ఉంచే లాక్‌రింగ్ 40 న్యూటన్ మీటర్లకు బిగించాలి, అది వదులైతే తొక్కినప్పుడే చప్పుడొస్తుంది. చక్రాన్ని ఫ్రేముకు బిగించే క్విక్ రిలీజ్‌ను, ఫ్రేములో అది కూర్చునే చోటును తుడిచి పలచగా గ్రీజు రాయండి. నాకు వీటిలో ఏదీ కాదు.

మిగిలింది స్పోకులు ఒకదాన్నొకటి దాటే చోటు. ఎడమవైపు దాటే చోట్లన్నిటా ఒక్కో చుక్క నూనె వేశాను, రిమ్ మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టి. ఆ పూట చప్పుడు లేదు. వానలో తడిసినప్పుడు ఆగి, ఆరాక మళ్లీ మొదలవడం కూడా దీనికే గుర్తు. కాని నూనె రోగం చూపిస్తుందే తప్ప నయం చేయదు. రెండు రోజుల్లో దుమ్ము పట్టి మళ్లీ అదే పాట.

అసలు సంగతి టెన్షన్, అంటే స్పోకుల బిగువు. చక్రం నేలను తాకే చోట ఉన్న స్పోకుల్లో బిగువు ప్రతి చుట్టుకూ తగ్గుతుంది. సైకిల్ బరువును చక్రం మోసే తీరే అది. వెనక చక్రంలో కుడివైపు గేర్లకు చోటివ్వాలి కాబట్టి ఆ పక్క స్పోకులు నిటారుగా, బిగువుగా ఉంటాయి, ఎడమవి వాటికంటే ఎప్పుడూ వదులే. ముందే తక్కువ బిగించి ఉంటే కిందికొచ్చిన ఎడమ స్పోకు దాదాపు వేలాడిపోయి, పక్కదాని మీద జరిగి టక్కుమంటుంది. ఈ బిగువు కొలిచే మీటర్ పెట్టి చూస్తే కుడివైపు 90 కేజీఎఫ్ (కిలోల్లో లాగుడు బలం) దగ్గర, ఎడమవైపు కొన్ని 30 కూడా లేవు. కట్టిన దుకాణంలో రిమ్ బెండు లేకుండా చూశారు, టెన్షన్ చూడలేదు.

ఎడమవి మాత్రమే బిగిస్తే రిమ్ పక్కకు పోతుంది. అందుకని వేరే మెకానిక్ రెండు వైపులా కొద్దికొద్దిగా పెంచుతూ కుడివైపు 115కు, ఎడమవైపు 60 దాటేలా తెచ్చారు. ప్రతి దశలో పక్కపక్కనున్న జతలను చేత్తో గట్టిగా పిసికారు. ఇది తప్పకుండా అడిగి చేయించుకోండి, స్పోకుల వంపు హబ్‌లో సరిగ్గా కూర్చుంటుంది. రిమ్ తయారీదారు చెప్పిన గరిష్ఠ పరిమితి మాత్రం దాటకూడదు.

ఆ రోజు నుంచి ఆ చప్పుడు లేదు. లగేజీతో గతుకుల రోడ్ల మీద తొక్కినా ఒక్క స్పోకు విరగలేదు, బెండు తీయించే పని కూడా పెద్దగా పడలేదు. వదులు స్పోకు ప్రతి చుట్టుకూ సాగి వదులుతూ చివరికి హబ్ దగ్గర వంపులో విరుగుతుంది, కాబట్టి ఈ టక్ టక్‌ను చెవులకు చిరాకు అని మాత్రమే అనుకుని వదిలేయవద్దు.

మళ్లీ కట్టిస్తే ఎడమవైపు నడుమ 1.5 మిల్లీమీటర్ల సన్న స్పోకులు వేయిస్తాను. అదే బిగువుకు అవి ఎక్కువ సాగుతాయి, కిందికొచ్చినప్పుడు అంత తేలిగ్గా వదులవవు. డిస్క్ బ్రేకు ఉన్న ముందు చక్రమైతే వదులు పక్క కుడివైపు ఉంటుంది, అక్కడ చప్పుడొస్తే మీటర్ ముందు ఆ పక్కనే పెట్టించండి.