ఆవుల దాణాకు పెల్లెట్ మిషన్: ఎనిమిది నెలలు వాడాక

మాది పాకాల దగ్గర పల్లె. తొమ్మిది జెర్సీ ఆవులున్నాయి. తవుడు, వేరుశనగ చెక్క, మొక్కజొన్న నూక ఇంట్లోనే కలిపి పొడిగా పెట్టేదాన్ని. ఆవు బుస్సుమని ఊపిరి వదిలితే తవుడు ఎగిరిపోయేది. చెక్క ముక్కలు ఏరుకుని తినేసి, మినరల్ మిక్చర్ తొట్టి అడుగున వదిలేసేవి. డబ్బు పెట్టి కొన్నదాన్ని రోజూ చీపురుతో ఊడ్చాలంటే ప్రాణం ఉసూరుమనేది.

అందుకే దాణా పొడిని గట్టి గుళికలుగా, అంటే పెల్లెట్లుగా చేసే 10 హెచ్‌పీ ఫ్లాట్ డై మిషన్ సంక్రాంతి ముందు తీసుకున్నాం. త్రీ ఫేజ్ కరెంటు కావాలి. గుండ్రటి ఇనుప పళ్లెం (దాన్నే డై అంటారు), దాన్నిండా 8 మి.మీ. రంధ్రాలు, పైన రెండు రోలర్లు. రోలర్లు పిండిని రంధ్రాల్లోకి తొక్కుతాయి. ఆ రాపిడి వేడికి పిండి మెత్తబడి, మురుకుల గొట్టంలో నుంచి వచ్చినట్టు కిందికి దిగుతుంది. అడుగున కత్తి తెగ్గొడుతుంది.

రెండో రోజే డై బిగుసుకుపోయింది. కొత్త డై రంధ్రాలు లోపల గరుకుగా ఉంటాయి. ముందు నూనె, సన్న ఇసుక కలిపిన తవుడు ఆడించి నునుపు చేసుకోవాలట. అమ్మినవాళ్లు ఆ మాటే చెప్పలేదు. మా ఆయన, నేను రాత్రి పదింటిదాకా ఒక్కో రంధ్రం డ్రిల్లుతో పొడిచాం. లేత్ షాపు అబ్బాయి వచ్చి చూసి, "అక్కా, ఆపే ముందు నూనె కలిపిన తవుడు ఒక డబ్బా పోసి ఆడించు, లోపల పిండి గట్టిపడదు" అన్నాడు. అప్పటినుంచి మళ్లీ బిగుసుకోలేదు.

అసలు పనితనమంతా తడిలో ఉంది. కలిపిన పిండి పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, అరచేతికి తడి అంటకూడదు. తడి తక్కువైతే పెల్లెట్ పొడి రాలుతుంది, ఎక్కువైతే పేస్టులా సాగుతుంది. వానాకాలం తవుడే చెమ్మగా ఉంటుంది కాబట్టి నీళ్లు బాగా తగ్గిస్తాను. కాస్త మొలాసిస్ (చెరకు మడ్డి) కలిపితే గట్టిగా వస్తుంది, ఆవులకూ ఇష్టం.

గంటకు 150 కిలోలన్నారు. మాకు 100 దాటలేదు. జల్లెడలో దిగిన పొడి మళ్లీ మిషన్లోనే పోస్తాం.

పెల్లెట్లు చెయ్యి కాలేంత వేడిగా వస్తాయి. ఒకసారి తొందరపడి వేడిమీదే బస్తాకెత్తాను, మూడో రోజుకు బూజు. బస్తా మొత్తం గుంటలో పూడ్చేశాను. ఇప్పుడు టార్పాలిన్ మీద పలచగా ఆరబోసి, పూర్తిగా చల్లారాకే ఎత్తుతున్నాను. ఇంకో మాట గట్టిగా చెప్తాను: బూజు పట్టిన వేరుశనగ చెక్క ఇందులో వెయ్యొద్దు. పెల్లెట్ చేసినంత మాత్రాన అఫ్లాటాక్సిన్ (ఆ బూజు వల్ల పుట్టే విషం) పోదు, పాలల్లోకీ వస్తుంది. ఆ పాలు తాగేది మన పిల్లలే.

రెండు మూడు ఆవులున్నవాళ్లకు సొంత మిషన్ దండగ, నలుగురు కలిసి కొనుక్కోండి. డబ్బు కట్టే ముందు మీ దాణా ఒక బస్తా తీసుకెళ్లి, మీ కళ్లముందే ఆడించమనండి. మాకు ఆడించి చూపింది వాళ్లు ముందే కలిపి పెట్టుకున్న పిండి.