గొంతు పట్టని ఆలివ్ నూనె నాకెందుకు?

ఆలివ్ నూనె గుండెకు మంచిదని, ఎక్స్‌ట్రా వర్జిన్ అంటే మేలురకమని అందరికీ తెలుసు కాబట్టి అవన్నీ వదిలేస్తున్నా. ఇటలీలో మిలాన్ వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఈ నూనె రోజూ వాడుతున్నాం. నేను చెప్పాలనుకున్నది ఒక్క విషయమే, మింగిన కాసేపటికి గొంతులో పుట్టే ఆ మంట గురించి. ఈ నూనెలో నాకు నచ్చిందీ అదే, అది లేని సీసాల మీద నాకు ఒళ్లు మండేదీ అందుకే.

మా ఆఫీసులో ఒకతనిది ఇటలీ దక్షిణాన పూలియా ప్రాంతంలో, ఆండ్రియా పట్నం దగ్గర ఊరు. వాళ్లకి కొరటీనా రకం ఆలివ్ చెట్లున్నాయి. నవంబరులో కొత్త నూనె ఆడించగానే రేకు డబ్బాల్లో తెప్పించి, మాకూ ఒకటి ఇస్తాడు, డబ్బులకే లెండి. మొదటిసారి ఒక చెంచాడు ఉత్త నూనె తాగమన్నాడు. నోట్లో పచ్చి ఆకు నలిపిన వాసన, వెనకాలే చేదు, మింగాక పొలమారినట్టు దగ్గు. నేను దగ్గుతుంటే అతను మాత్రం పొంగిపోయాడు! తర్వాత మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు కందిపొడి అన్నంలో ఇదే పోస్తే, "ఏంటే ఇది, గొంతు పట్టేస్తోంది, పాడైపోయిందేమో చూడు" అంది.

ఆ పట్టేయడానికి కారణం ఓలియోకాంథాల్ అనే పాలీఫినాల్, అంటే మొక్కల్లో ఉండే ఒక రకం యాంటీఆక్సిడెంట్. అమెరికాలో ఫిలడెల్ఫియాలో రుచి, వాసనల మీద పరిశోధించే మోనెల్ కేంద్రం శాస్త్రవేత్త ఒకాయన సిసిలీలో తాజా నూనె రుచి చూస్తే గొంతు మండిందట, ఆ మంట ఆయనకి కొత్తేం కాదు, ద్రవంగా ఉన్న ఐబుప్రోఫెన్ అనే నొప్పి మందు మింగినప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. ఆ పోలికను పట్టుకుని చేసిన పరిశోధన 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. వాపుకి కారణమయ్యే ఏ ఎంజైములకి ఐబుప్రోఫెన్ అడ్డుపడుతుందో ఓలియోకాంథాల్ కూడా వాటికే అడ్డుపడుతుందని తేలింది. మంట నాలుక మీద కాక గొంతులోనే తగలడానికి కారణం, దాన్ని పసిగట్టే గ్రాహకాలు అక్కడ ఎక్కువగా ఉండటమే. ఇది చదివి మోకాళ్ల నొప్పులకి గ్లాసులు పట్టుకోకండి, వాళ్ల లెక్కలోనే 50 గ్రాముల నూనె తాగితే వచ్చేది పెద్దవాళ్ల ఐబుప్రోఫెన్ మోతాదులో సుమారు పదో వంతు. నా తలనొప్పికి ఇప్పటికీ మాత్రే దిక్కు.

ఇక నా కోపం సంగతి. కిందటి ఎండాకాలం డబ్బా నూనె అయిపోయింది, కొత్త పంట రావడానికి ఇంకా నెలలు పడుతుంది. ఇంటి దగ్గర సూపర్‌మార్కెట్లో ఒక సీసా కొన్నాను, ధర బాగానే ఉంది, రంగులేని గాజు, బంగారు రంగు లేబుల్, పై అరలో సరిగ్గా లైటు కింద పెట్టారు. ఎక్స్‌పైరీకి బోలెడు టైముంది. పంట ఏ ఏడాదిదో మాత్రం ఎక్కడా రాయలేదు. ఇంటికొచ్చి మూత తీస్తే ఆకు వాసన లేదు, చేదు లేదు, చెంచాడు మింగినా గొంతులో ఏమీ తెలియలేదు. మళ్లీ వాసన చూస్తే డబ్బాలో ఏడాదిగా ఉండిపోయిన వేరుశెనగ గుళ్ల కనరు. మర్నాడు ఆఫీసుకి తీసుకెళ్లి అతనికి చూపించాను. మూత దగ్గర ముక్కు పెట్టి మారుమాట లేకుండా పక్కన పెట్టేశాడు. సాయంత్రం షాపుకి వెళ్తే కౌంటర్లో ఉన్నావిడ డేటు చూసింది, డేటు బాగానే ఉంది కదా అంది. రుచి బాగాలేదన్నాను, ఏం బాగాలేదని అడిగింది. గొంతు మండట్లేదు అని చెప్పేసరికి వెనక లైన్లో నిలబడ్డాయన నవ్వేశాడు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. ఆ సీసా చివరికి గేటు కీళ్లకి పనికొచ్చింది.

నాకు మంటెత్తించింది పోయిన డబ్బు కన్నా ఆ లేబుల్. దాని మీద ఆమ్లత (నూనెలో విడిపోయి ఉన్న కొవ్వు ఆమ్లాల శాతం) ఇంత తక్కువని పెద్ద అక్షరాల్లో వేశారు. ఎక్స్‌ట్రా వర్జిన్ అనిపించుకోవాలంటే ఆమ్లత 0.8 శాతం దాటకూడదు, నిజమే, కానీ ఆ అంకెని బట్టి పాలీఫినాల్స్ ఎంత ఉన్నాయో అస్సలు తెలియదు. అవి నూనె చెడకుండా కాపలా కాస్తూ కాస్తూ తామే తరిగిపోతాయి, వెలుతురు, వేడి, గాలి తగిలితే ఇంకా త్వరగా. అసలు నూనె రుచి చూసి తేల్చే నిపుణుల లెక్కలో చేదు, ఘాటు మంచి గుణాలు, కనరు దోషం. ఆ దోషం తేలితే ఎక్స్‌ట్రా వర్జిన్ అనే పేరే పెట్టకూడదు. ఇంకో మాట, కాయ పచ్చిగా ఉండగా కోస్తే ఈ పదార్థాలు ఎక్కువ, నూనె దిగుబడి తక్కువ. అందుకే అది అగ్గువకి రాదు.

ఇంత మెచ్చుకున్నాక కొంచెం వెనక్కి తగ్గాలి. సీసాల మీద రాసుకోవడానికి యూరోపియన్ యూనియన్ 2012లో ఒప్పుకున్న మాట ఇంతవరకే: 20 గ్రాముల నూనెలో కనీసం 5 మిల్లీగ్రాముల హైడ్రాక్సీటైరోసోల్ అనే పాలీఫినాల్, దాని సంబంధిత పదార్థాలు ఉండి, రోజుకి ఆ 20 గ్రాములూ తీసుకుంటే, రక్తంలోని కొవ్వులు ఆక్సీకరణకి గురికాకుండా కాపాడటానికి ఆ పాలీఫినాల్స్ తోడ్పడతాయి. గుండెపోటు రాదని అందులో ఎక్కడా లేదు. 2006లో వచ్చిన యూరోలివ్ అధ్యయనంలో 200 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకి రోజుకి 25 మిల్లీలీటర్లు ఇచ్చి చూశారు. పాలీఫినాల్స్ ఎక్కువున్న నూనెతో ఆక్సీకరణం చెందిన ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) తగ్గింది, మంచి కొలెస్ట్రాల్ పెరిగింది, కానీ ఆ పెరిగింది మన రిపోర్టుల లెక్కలో రెండు పాయింట్లు కూడా లేదు. స్పెయిన్‌లో 7,447 మందితో చేసిన ప్రెడిమెడ్ అధ్యయనం గురించి వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది. మనుషుల్ని గుంపులుగా విడగొట్టడంలో తేడాలు బయటపడి 2018లో దాన్ని వెనక్కి తీసుకుని, సరిచేసి మళ్లీ వేశారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి మొత్తం మీద తగ్గాయన్న ఫలితం దాదాపు అలాగే నిలిచింది. కాకపోతే వాళ్లు తిన్నది కూరగాయలు, పప్పులు, చేపలు ఎక్కువుండే మెడిటరేనియన్ భోజనం, మనలా మూడు పూటలా అన్నం కాదు.

నా సంగతి అడిగితే, ఎల్‌డీఎల్ తగ్గింది. కానీ అదే రోజుల్లో డాక్టర్ కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాసింది, నేను ట్రామ్ మానేసి నడవడం మొదలుపెట్టాను, అందుకని నూనె వాటా ఎంతో చెప్పలేను. పైగా 20 గ్రాములంటే 180 కేలరీల దాకా, నెయ్యి తగ్గించకుండా ఇదీ పోసుకుంటే నడుముకి పట్టేస్తుంది. వంటలో కూడా అన్నిటికీ కుదరదు. కందిపొడికి, ఉడికించిన శనగలకి, టమాటా పచ్చడికి బ్రహ్మాండం. గోంగూరలో చేదు మరీ ఎక్కువైంది, చారన్నంలో అయితే వద్దే వద్దు. పోపుకి ఇప్పటికీ వేరుశెనగ నూనే.

విజయవాడలో ఉన్న తమ్ముడు తనూ కొనాలా అని అడిగాడు. అక్కడికి చేరేసరికి ఆ సీసా వయసెంతో, గోడౌన్‌లో మే నెల ఎండ ఎంత తగిలిందో ఎవరికి తెలుసు? ముదురు రంగు సీసా, పంట ఏడాది రాసి ఉన్నది, చిన్నది దొరికితే ఒకటి తెచ్చి గొంతు పడుతుందేమో చూడమన్నాను. లేకపోతే గానుగ నువ్వుల నూనె వాడుకో, దాని యాంటీఆక్సిడెంట్లు సెసామిన్, సెసామోలిన్ దానికున్నాయి అని చెప్పాను. నేనున్న చోట తాజాది ఇంటికే వస్తుంది కాబట్టి నాకు ఈ నూనె ఇంత నచ్చిందేమో. మా ఆయనకి మాత్రం ఇప్పటికీ ఆ ఘాటు పడదు, ఆయన కంచంలో నెయ్యే. అందుకే ఈ నవంబరుకి అయిదు లీటర్ల డబ్బా వద్దు, మూడు లీటర్లది చాలని చెప్పేశాను.