రిటర్న్ టు ఫరెవర్ ‘రిటర్న్స్’: సగంలో ఆగే పాట కోసం

జాజ్-రాక్ బ్యాండ్ రిటర్న్ టు ఫరెవర్ 2008లో మళ్లీ కలిసినప్పటి లైవ్ ఆల్బమ్ ‘రిటర్న్స్’ గురించి మాట్లాడేవాళ్లంతా ఎవరు ఎంత వేగంగా వాయించారనే దగ్గరే ఆగిపోతారు. చిక్ కొరియా (కీబోర్డులు), స్టాన్లీ క్లార్క్ (బాస్), లెనీ వైట్ (డ్రమ్స్), ఆల్ డిమియోలా (గిటార్) ఎవరో, డెబ్భైల్లో ఏం చేశారో తెలియనివాళ్లు ఈ సమీక్ష దాకా రారు కాబట్టి ఆ జాతకాలు వదిలేస్తున్నా. ఈ డబుల్ సీడీతో నాకున్న ప్రేమ, పేచీ రెండూ ఒకే చోట ఉన్నాయి. రెండో డిస్క్‌లో ‘రొమాంటిక్ వారియర్’ మొదలుపెట్టి సగంలో ఆపేస్తారు. తర్వాత ఒక ట్రాక్ నిండా బాస్ సోలో, ఇంకో ట్రాక్ నిండా డ్రమ్స్ సోలో. అవి అయ్యాక ‘రొమాంటిక్ వారియర్ కంటిన్యూడ్’ అని పేరు పెట్టి, వదిలిన పాటను మళ్లీ అందుకుంటారు. నేను ఈ ఆల్బమ్ ఇన్నేళ్లుగా వింటున్నది ఆ అందుకోవడం కోసమే.

కచేరీలకు వెళ్లే అలవాటున్నవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. ప్రధాన కీర్తనలో స్వరకల్పన అయ్యాక గాయకుడు మృదంగానికీ ఘటానికీ తని ఆవర్తనం, అంటే తాళవాద్యాల వంతు, వదిలేస్తాడు. వాళ్లు ముక్తాయింపు వాయించి సరిగ్గా పాట ఎత్తుకునే చోటికి తెచ్చి వదిలితే ఆయన పల్లవి అందుకుంటాడు. తని మొదలవగానే హాల్లో సగం మంది కాఫీకి లేస్తారు, నేను మాత్రం ఆ అందుకునే క్షణం కోసం కూర్చుంటాను. ‘రిటర్న్స్’లో నాకు దొరికింది అదే సుఖం. ఒక తేడా ఉంది. తనిలో తాళం ఎక్కడా తెగదు, గాయకుడి చెయ్యి లెక్క వేస్తూనే ఉంటుంది. ఇక్కడ క్లార్క్ ఒంటరిగా మిగిలాక లెక్క వేసేవాళ్లు లేరు. పాట వేగానికి కట్టుబడక్కర్లేదు, ఎక్కడికి పోవాలంటే అక్కడికి పోవచ్చు. అందుకే తిరిగొచ్చేసరికి అసలు పాట వినేవాడికి గుర్తుంటుందా అని కాస్త టెన్షన్‌గానే ఉంటుంది.

ఈ సుఖం నాకు చాలాకాలం దొరకలేదు. దొరకనివ్వనిది మా కారు స్టీరియో.

ఇంట్లో పిల్లల పరీక్షలు, టీవీ సీరియళ్ల మధ్య ఇలాంటిది వినే వీల్లేదు. నాకు తీరిక దొరికేది ఆఫీసు నుంచి వస్తూ ఔటర్ రింగ్ రోడ్డు మీదే. కారులో సీడీ పెట్టుకునే చోటు లేదు. అందుకని సీడీలను ఎంపీత్రీలుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నా. ఆ స్టీరియో ఏ కంపెనీదో అనవసరం, ఇప్పుడు ఆ కారే లేదు. అది ట్రాక్ నంబరు చూడదు, ఫైలు పేరు చూసి ఇంగ్లిష్ అక్షరాల వరసలో వాయించుకుంటూ పోతుంది. మామూలు సినిమా పాటలకి దాంతో నష్టం లేదు, ఏది ముందొస్తే ఏంటి!

ఈ ఆల్బమ్‌కి ఏమైందో చూడండి. బోనస్‌గా ఇచ్చిన మాంట్రో జాజ్ ఫెస్టివల్ రికార్డింగ్ ‘500 మైల్స్ హై’ అంకెతో మొదలవుతుంది కాబట్టి అన్నిటికంటే ముందు అదే. తర్వాత ‘ఎ’ వరసలో ఆల్ డిమియోలా సోలో. ఆ వెంటనే ‘బి’ వరసలో బీబీసీ వాళ్లు బ్యాండ్‌కి జీవన సాఫల్య పురస్కారం ఇచ్చిన ముక్క. అంటే కచేరీ మొదలవకుండానే సన్మానం అయిపోయింది. తర్వాత ‘డి’ వరసలో, అసలు కచేరీని ముగించాల్సిన ‘డ్యుయల్ ఆఫ్ ది జెస్టర్ అండ్ ది టైరంట్’. మొట్టమొదట రావాల్సిన ‘ఓపెనింగ్ ప్రేయర్’ తన అక్షరం వచ్చేదాకా ఆగి, సగం దారిలో వచ్చేది. సభ అయిపోయి భోజనాలకి లేస్తుంటే మైకులో ప్రార్థన గీతం ఎత్తుకున్నట్టు.

ఇవన్నీ నవ్వుకుని ఊరుకోవచ్చు. ‘ఆర్’ దగ్గర జరిగింది మాత్రం అన్యాయం. ఫైళ్ల వరసలో ఖాళీ జాగాకి చుక్క కంటే ముందు చోటు. దాంతో ‘కంటిన్యూడ్’ అని పొడుగు పేరున్న రెండో ముక్క ముందొచ్చి, పాట మొదలు దాని వెనక వచ్చేది. మధ్యలో ఉండాల్సిన బాస్ సోలో ‘ఎల్ బాయో దె నెగ్రో’ పేరుతో ‘ఇ’ వరసలోనూ, డ్రమ్స్ సోలో ‘లీనియేజ్’ పేరుతో ‘ఎల్’ వరసలోనూ ఎప్పుడో వెళ్లిపోయేవి, దేనికి ముందో దేనికి వెనకో తెలియకుండా.

తెల్లవారుజాము ఫ్లైటుకని మా బావమరిదిని శంషాబాద్ తీసుకెళ్తున్నాను. వాడు ఇళయరాజా తప్ప ఇంకేదీ వినడు. కునుకు తీస్తున్నాడనుకుంటే కళ్లు తెరవకుండానే అడిగాడు: “బావా, వీళ్లేంటి, చివరిది ముందు వాయిస్తున్నారు?” నీకెలా తెలుసంటే, “ఇందాకటిది అంతా చెప్పేసినవాడు ముగించినట్టుంది. ఇదేమో ఇప్పుడే పరిచయం చేస్తున్నాడు. పల్లవి ఇది కదా!” అన్నాడు. జాజ్ అనే మాట తప్ప దాని సంగతేమీ తెలియని మనిషి చెవికి ఆకారం దొరికిపోయింది. వాణ్ని దింపి ఇంటికొచ్చి, సీడీ అట్ట ముందు పెట్టుకుని ఫైళ్లన్నిటికీ ముందు 01, 02 అని అంకెలు వేశాను.

వరస కుదిరింది కానీ ఇంకో పీడ మిగిలింది. ఎంపీత్రీగా మార్చినప్పుడు ప్రతి ఫైలు మొదట్లో, చివర్లో రవ్వంత నిశ్శబ్దం చేరుతుంది. దానికి తోడు ఆ స్టీరియో ఒక ఫైలు మూసి ఇంకోటి తెరవడానికి కాస్త ఊపిరి తీసుకుంటుంది. స్టూడియో రికార్డులో ఇది తెలియదు. లైవ్‌లో హాలు చప్పుడంటూ ఒకటి అడుగున నడుస్తూ ఉంటుంది కదా, అది టక్కున మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంది. పాటను ముక్కలు చేసి ఎక్కడెక్కడ కోశారో కత్తెర గాట్లతో సహా కనిపించిపోతుంది. ఫోన్‌లో యాప్‌కి మారితే అక్కడ ఒక పాట చివరని తర్వాతి పాట మొదటితో కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంది, మా అమ్మాయి ఏదో పార్టీ కోసం పెట్టుకుందట. దాని ధర్మమా అని బాస్ సోలో తోక, డ్రమ్స్ సోలో తల కలిసిపోయాయి. చివరికి క్రాస్‌ఫేడ్ సున్నాకి దించి, పాటల మధ్య ఖాళీ రానివ్వని గ్యాప్‌లెస్ ఆన్ చేసి, బ్లూటూత్‌లో పెట్టాక గానీ ఇది మనుషులు వినే రూపంలోకి రాలేదు.

అలా అతుకుల్లేకుండా మొదటిసారి విన్నప్పటి సంగతి చెప్తాను. ఎలక్ట్రిక్ వాయిద్యాలన్నీ పక్కన పెట్టేసి పియానో, నిలువు బాస్, అకూస్టిక్ గిటార్, డ్రమ్స్‌తో వాయించే భాగం ఇది. ‘రొమాంటిక్ వారియర్’ నెమ్మదిగా, కాస్త స్పెయిన్ వాసనతో మొదలై, పియానో గిటార్ ఒకే వరసను కలిసి పరిగెత్తించే చోట్లకి వెళ్తుంది. తర్వాత ఒక్కొక్కరే తప్పుకుంటారు, క్లార్క్ మిగులుతాడు. డెబ్భైల్లో ఈయన పేరు మోగింది ఎలక్ట్రిక్ బాస్ మీద. ఇక్కడ చేతిలో ఉన్నది మనిషి కంటే ఎత్తుండే చెక్క వాయిద్యం. దాని లావు తీగల్ని గిటార్ మీద కార్డ్స్ కొట్టినట్టు అరచేత్తో ఊడ్చేస్తాడు. తీగ లాగి వదిలితే అది పలకకి తగిలిన టప్పు దానికదే ఒక దరువు. స్పీకర్ బాగుంటే వేలు తీగ మీద జారే గరగర కూడా వినిపిస్తుంది. నా పాత స్టీరియోలో ఇదంతా ఒక గుమ్మనే మోతగా మిగిలేది, అది వేరే సంగతి.

అక్కణ్నుంచి లెనీ వైట్. 19 ఏళ్ల వయసులో జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘బిచెస్ బ్రూ’లో వాయించినవాడు, 2008 నాటికి 60కి దగ్గర పడుతున్నాడు. నాకు మామూలుగా రాక్ డ్రమ్స్ సోలోలంటే పడదు, ఎవరికి ఎంత ఒంట్లో సత్తువ ఉందో చూపించుకునే పోటీలా ఉంటాయి. ఈయనది అలా లేదు, చెప్పుకుంటూ పోయినట్టుంది. వింటున్నంతసేపూ ‘రొమాంటిక్ వారియర్’ అనే పాట ఒకటి తెరిచి ఉందన్న సంగతే మర్చిపోయాను. అప్పుడొచ్చింది ఆ పాత వరస, నలుగురి చేతుల్లోనూ ఒక్కసారే. రెండో ముక్క చిన్నదే, నాలుగైదు నిమిషాలు కూడా ఉండదు. కానీ ఇంత దూరం తిరిగొచ్చాక అది అంతే ఉండాలి. బావమరిది అన్నట్టు, అంతా చెప్పేసినవాడు ముగించినట్టు.

కొన్న కొత్తలో ఈ ఆల్బమ్ మొత్తాన్నీ నెత్తిన పెట్టుకుని ఊరేగాను. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ మొదటి డిస్క్ నుంచే వినమని చెప్పాను. ఇప్పుడైతే అలా చెప్పను. ‘వల్కన్ వరల్డ్స్’ దాకా హుషారుగానే ఉంటుంది, ఆ పీస్ రాసిన క్లార్క్‌కి అది ఇంకా చేతుల్లోనే ఉంది. ‘సాంగ్ టు ది ఫారో కింగ్స్’ దగ్గర నాకు ఓపిక తీరిపోతోంది. 1974 రికార్డులో అది 14 నిమిషాల చిల్లర. ఇక్కడ అందరికీ వంతులు పంచుతూ దాన్ని ఎంత సాగదీశారంటే, గచ్చిబౌలిలో మొదలైతే మా ఇంటి గేటు దగ్గరా అదే నడుస్తోంది. హాల్లో కూర్చున్నవాళ్లకి ప్రతి సోలో ఒక పండగే అయ్యుంటుంది. వాళ్లు టికెట్ కొన్నదే ఆ వేళ్లు చూడ్డానికి. కారులో వేళ్లు కనపడవు.

డిమియోలా సోలో విషయంలోనూ కాస్త వెనక్కి తగ్గాను. మన దగ్గర చాలామంది ఈ సంగీతంలోకి వచ్చింది గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్‌ని ‘రిమెంబర్ శక్తి’ బ్యాండ్‌లో విని. నేనూ ఆ దారినే వచ్చా. అటునుంచి మెక్‌లాఫ్లిన్, పాకో దె లూసియా, డిమియోలా ముగ్గురూ 1980లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వాయించిన కచేరీ రికార్డు దాకా వెళ్లాను. అందులోని ‘మెడిటరేనియన్ సన్‌డాన్స్’ ఇక్కడి సోలోలో తొంగి చూడగానే మొదట్లో ఒళ్లు పులకరించేది. ఇప్పుడు వింటే అది పాత ఆల్బమ్ తిరగేస్తున్నట్టుంది, ఒక ఫొటో చూసేలోపే ఇంకో పేజీ. అదే మనిషి ‘రొమాంటిక్ వారియర్’లో కొరియా పక్కన కూర్చుని, వినాల్సిన చోట విని, నాలుగు మాటలే చెప్తాడు. నాకు ఆ డిమియోలా కావాలి.

1976 స్టూడియో రికార్డుతో పోల్చమని అడుగుతారు. కొలరాడోలో కారిబూ రాంచ్ అనే స్టూడియోలో చేసిన ఆ ‘రొమాంటిక్ వారియర్’ ఆల్బమ్‌లో ‘డ్యుయల్’ ఇప్పటికీ ఇంకా బిగువుగా ఉంటుంది, ఇక్కడ కొంచెం వదులైంది. టైటిల్ పీస్ మాత్రం నాకు ఇక్కడిదే ఇష్టం. అక్కడ అది 11 నిమిషాల లోపు ఒకే ట్రాక్‌గా అందంగా సాగిపోతుంది. ఎక్కడా ఆగదు కాబట్టి తిరిగి అందుకునే పని కూడా లేదు.

ఈ నలుగురూ 1976లో విడిపోయి, 1983లో కొద్దికాలం కలిసి, మళ్లీ కలిసింది 2008లో. తర్వాతి విడత పర్యటనకి డిమియోలా లేడు, జాఁ లుక్ పాంటీ వయొలిన్‌తో, ఫ్రాంక్ గాంబాలే గిటార్‌తో వచ్చారు. 2021 ఫిబ్రవరిలో కొరియా పోయాడు. ఆ వార్త చదివిన రోజు కూడా నేను పెట్టుకున్నది అకూస్టిక్ భాగమే. ఆయన ఒక్కడే వాయించే ‘ఫ్రెండ్‌షిప్’ ‘రొమాంటిక్ వారియర్’కి ముందే ఉంటుంది, రెండూ కలిపి వినాలి.

కొనొచ్చా అంటే, మీరు ఎక్కడ, ఎంతసేపు వింటారనే దాన్ని బట్టి ఉంటుంది. నాకు రోజూ గంట డ్రైవింగ్ ఉంది, పక్క సీట్లో ఎవరూ ఉండరు. ఆ లెక్కన నాకు రెండో డిస్క్ ఒక్కటే పూర్తి డబ్బులిచ్చి కొన్నా గిట్టుబాటే. మెట్రోలో నాలుగు స్టేషన్ల ప్రయాణంలో వినేవాళ్లకి ఇది పనికిరాదు, పాట ఆగిన చోటే దిగిపోతారు. ఎలక్ట్రిక్ కీబోర్డుల కూతలు గిట్టనివాళ్లు మొదటి డిస్క్ జోలికి వెళ్లకండి. చూసి ఆనందించేవాళ్లకి మాంట్రో డీవీడీ నయం కావచ్చు, అక్కడ వేళ్లు కనపడతాయి. యాప్‌లో వినేవాళ్లు షఫుల్ ఆపేసి, క్రాస్‌ఫేడ్ సున్నాలో ఉందో లేదో చూసుకుని మొదలుపెట్టండి. బీబీసీ సన్మానం రాగానే ఆపేసినా ఏమీ పోదు.